మిల్క్ బ్రెడ్ అడుగున పిండి ముద్ద: తప్పు ఎక్కడ?

మైదా 300 గ్రాములు, గోరువెచ్చని పాలు 200 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, చక్కెర 30, వెన్న 30, ఉప్పు 5 గ్రాములు. చేత్తో 12 నిమిషాలు పిసికితే పిండి పొరలా సాగుతోంది, చిరగట్లేదు. ఈ ఎండలకి 35 నిమిషాల్లోనే రెట్టింపవుతోంది. టిన్నులో రెండోసారి అంచు దాకా పొంగాక, ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల దగ్గర, పైనా కిందా రెండు రాడ్లూ వేసి 30 నిమిషాలు.

పైన దూదిలా ఉంటుంది. అడుగున మాత్రం వేలెడు మందాన జిగటగా, పచ్చి వాసనతో. పూర్తిగా చల్లారాకే కోస్తున్నాను కాబట్టి వేడి మీద కోయడం కారణం కాదు. 20 నిమిషాలకే పైభాగం ఎర్రబడుతోంది, అందుకే ఇంకాసేపు ఉంచాలంటే భయం.

ఫాయిల్ కప్పి, కింది రాడ్ మీదే మరో 10 నిమిషాలు ఉంచాలా? పాలు 180 మి.లీ.కి తగ్గించాలా? లేక వేడికి ఎక్కువ పొంగి, అడుగు కూలుతోందా? గోధుమపిండి కలపమని మాత్రం చెప్పకండి, పిల్లలు ముట్టరు.