సిమిలీ, మెటఫర్ కలగాపులగమవుతున్నాయి, ఎలా నేర్పాలి?

ప్రశ్న:
తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంగ్లీషు పాఠంలోని నౌన్, అడ్జెక్టివ్, సిమిలీ, మెటఫర్ వంటి వాటి నిర్వచనాలను తడుముకోకుండా అప్పజెబుతుంది గానీ, వాక్యం ఇచ్చి గుర్తించమంటే లైక్, యాజ్ కనిపించిన ప్రతిచోటా సిమిలీ అని రాసేస్తోంది. తెలుగు అలంకారాలతో పోల్చి చెబితే మేలా, లేక మరింత తికమకపడుతుందా?

సమాధానం 1:
మేలే. సిమిలీ అంటే మన ఉపమాలంకారం లాంటిదే. దానికి ఉండే ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగు అంగాలను తెలుగు తరగతిలో ఆమె చదివే ఉంటుంది. 'హర్ వాయిస్ ఈజ్ యాజ్ స్వీట్ యాజ్ హనీ' అన్నప్పుడు గొంతు ఉపమేయం, తేనె ఉపమానం, తీయదనం సమానధర్మం, యాజ్ ఉపమావాచకం. 'హి లుక్స్ లైక్ హిజ్ బ్రదర్' అన్న వాక్యంలో లైక్ ఉన్నా, అన్నదమ్ముల మధ్య నిజంగా ఉన్న పోలికను ఉన్నదున్నట్టు చెబుతున్నామే తప్ప వేరే జాతి వస్తువుతో పోల్చడం లేదు కనుక అది సిమిలీ కాదు. 'ఐ లైక్ మ్యూజిక్'లోనైతే లైక్ క్రియాపదమే. పోలిక మాట తీసేసి 'హర్ వాయిస్ ఈజ్ హనీ' అంటే మెటఫర్. రెంటికీ అభేదం చెప్పే మన రూపకం దీనికి దగ్గరిది.

సమాధానం 2:
అలంకారాల వరకు ఒప్పుకుంటాను గానీ, వ్యాకరణంలో ఈ పోలిక అంత దూరం రాదండీ. ప్రిపోజిషన్ అంటే విభక్తి అని చెప్పి నేనే కొందరు పిల్లలను తికమక పెట్టాను: మన విభక్తి నామవాచకం వెనుక చేరుతుంది, ప్రిపోజిషన్ ముందు నిలుస్తుంది. 'ఆన్ ది టేబుల్' మనకు 'బల్ల మీద'. పైగా ఇంగ్లీషులో రూపం మారకుండానే భాషాభాగం మారిపోతుంది. 'ఎ ఫాస్ట్ కార్'లో ఫాస్ట్ అడ్జెక్టివ్, 'షి రన్స్ ఫాస్ట్'లో అడ్వర్బ్. 'వాటర్ ది ప్లాంట్స్'లో వాటర్ క్రియ. అందుచేత ఫలానా మాట ఏ భాషాభాగమని కాక, ఈ వాక్యంలో అది ఏ పని చేస్తోందని అడగండి.

సమాధానం 3:
అలిటరేషన్ (దగ్గర దగ్గరగా వచ్చే మాటలు ఒకే ధ్వనితో మొదలవడం) వచ్చినప్పుడు కూడా జాగ్రత్త పడండి. అక్కడ చూడవలసింది వర్ణక్రమాన్ని కాదు, ధ్వనిని. సిటీ, క్యాట్ రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలైనా అలిటరేషన్ కుదరదు. క్యాట్, కైట్ వేర్వేరు అక్షరాలతో మొదలైనా కుదురుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అన్నదమ్ముల ఉదాహరణ చెప్పగానే తన పాత జవాబుల్లో రెండు తప్పులను తానే పట్టుకుంది. 'ది విండ్ విస్పర్డ్' అన్నది మాత్రం తను పర్సానిఫికేషన్ అంటోంది, నేను మెటఫర్ అంటున్నాను.

సమాధానం 1:
ఇద్దరూ తప్పు కాదు. గాలికి మనిషి పనిని ఆపాదించడం మెటఫర్‌లోనే ఒక రకం. అయినా పరీక్షలో మీ అమ్మాయి జవాబే రాయాలి, ఎందుకంటే దానికి ప్రత్యేకంగా ఉన్న పేరు అదే.