హాట్ రాడ్ (చిన్న ఓవల్ ట్రాక్‌ల రేసు కారు): గ్యాస్ ఇవ్వగానే ముందు భాగం బయటికి జారుతోంది. ముందు ఏది మార్చాలి?

ఇంగ్లాండ్‌లోని ఇప్స్‌విచ్ ఫాక్స్‌హాల్ లాంటి పావు మైలు తారు ఓవల్ ట్రాక్‌కి కారు సెట్ చేస్తున్నాం. వెనక చక్రాల డ్రైవ్, లైవ్ యాక్సిల్ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), లాక్ చేసిన డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి). మలుపులోకి బాగానే దిగుతుంది. మధ్యలో గ్యాస్ ఇవ్వగానే స్టీరింగ్ తిప్పి ఉన్నా ముక్కు కంచె వైపు పోతుంది, పది లాప్‌ల తర్వాత మరీ ఎక్కువ. ఇది నాన్-కాంటాక్ట్ (కార్లు గుద్దుకోకూడని) రేసు కాబట్టి ముందున్నవాణ్ణి తోసి దారి తీసుకోలేం, ఎక్కువసార్లు బయటి లైన్‌లోనే దాటాలి. అందుకే ఇది భరించలేని లోపం.

బయటి ముందు టైరు బయటి అంచు 98 డిగ్రీలు, నడుమ 88, లోపలి అంచు 84 ఉండేది. నెగెటివ్ కాంబర్ (టైరు పైభాగం కారు లోపలికి వాలే కోణం) 3 నుంచి 4 డిగ్రీలకు పెంచితే వేడి సమమైంది, జారడం మాత్రం తగ్గలేదు. అంటే తప్పు టైరు కోణంలో లేదు.

డ్రైవర్ కూర్చుని, సగం పెట్రోలుతో తూస్తే క్రాస్ వెయిట్ (బయటి ముందు, లోపలి వెనక చక్రాల మీది బరువు కలిపి, మొత్తం బరువులో వాటా) 53 శాతం. అనుమానం దీనిమీదే. లోపలి వెనక స్ప్రింగ్ సీటు దించి 51కి తేవాలా, లేక వెనక పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకు కదలకుండా పట్టే అడ్డ కడ్డీ) 10 మిల్లీమీటర్లు ఎత్తాలా? టైరు గాలితో స్టాగర్ (లోపలి, బయటి వెనక టైర్ల చుట్టుకొలతల తేడా) తెద్దామంటే రేడియల్ టైర్లలో చుట్టుకొలత పెద్దగా మారదు. క్రాస్ వెయిట్, రాడ్ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. తడి ట్రాక్‌లో 51 వెనక భాగాన్ని తిప్పేస్తుందా? లాక్ డిఫ్‌తో నడిపినవాళ్లు అంకెలతో చెప్పండి.