డబ్బుల్లేని బ్రూస్ వేన్ బ్యాట్‌మ్యానేనా? (అబ్సల్యూట్, అల్టిమేట్ కామిక్స్ మీద చర్చ, స్పాయిలర్స్ ఉన్నాయ్)

గోతం_గుంటూరు:
వేరే థ్రెడ్‌లో ఒకాయన "ఆస్తి లేకపోతే వాడు బ్రూస్ వేన్ ఎలా అవుతాడు, అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ అంతా గిమ్మిక్కు" అని తీర్పు చెప్పేసి వెళ్ళిపోయాడు, అక్కడ సమాధానం పెడితే టాపిక్ పక్కకి పోతుందని ఇక్కడ విడిగా పెడుతున్నా.

చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు. 2024 అక్టోబర్‌లో బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ అబ్సల్యూట్ అని ఒక కొత్త లైన్ (మామూలు కథలతో సంబంధం లేకుండా విడిగా నడిచే కామిక్స్ వరుస) మొదలెట్టింది, డార్క్‌సైడ్ అనే విలన్ శక్తి నిండిపోయిన వేరే ప్రపంచం అది. అందులో బ్యాట్‌మ్యాన్ రాసేది స్కాట్ స్నైడర్, బొమ్మలు నిక్ డ్రగొట్టా. ఇక్కడ బ్రూస్‌కి భవంతి లేదు, వేన్ కంపెనీ లేదు. నాన్న థామస్ స్కూల్ టీచరు, పిల్లల్ని జూకి తీసుకెళ్ళినప్పుడు జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. అమ్మ మార్తా బతికే ఉంది. ఆల్ఫ్రెడ్ వంటా వార్పూ చూసుకునే పెద్దాయన కాదు, తుపాకి పట్టుకుని మనోడి మీద నిఘా పెట్టడానికి వచ్చిన ఏజెంటు. బ్రూస్ సివిల్ ఇంజనీరు, ఊళ్ళో ఏ బ్రిడ్జి ఎక్కడ బలహీనంగా ఉందో తెలిసినోడు, మనిషి చూస్తే తలుపులో పట్టడు, ఛాతీ మీద ఉండే గబ్బిలం గుర్తు పీకితే గొడ్డలి అయిపోద్ది.

నా పాయింట్ ఏంటంటే, ఎనభై ఏళ్ళ పైగా మనం చదివిన బ్యాట్‌మ్యాన్‌లో ఒక ఇబ్బంది ఉండేది, ఊళ్ళో అందరికంటే డబ్బున్నోడు రాత్రిపూట మాస్కేసుకుని పేద దొంగల ఎముకలు విరగ్గొడతాడు, దీన్ని కవర్ చెయ్యడానికి ప్రతి రచయితా వేన్ ఫౌండేషన్, అనాథాశ్రమాలు అని ఏదో ఒకటి రాస్తూ వచ్చారు. స్నైడర్ ఏం చేశాడు, ఆ డబ్బంతా తీసుకెళ్ళి జోకర్ చేతిలో పెట్టాడు. ఇక్కడ కోటీశ్వరుడు జోకర్, నవ్వడు కూడా. పాత్రల పేర్లు అవే, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడు అనేది మాత్రం తిరగబడింది. ఇది గిమ్మిక్కు ఎట్టా అవుద్ది?

ఇంకోటి కూడా అంటా. ఈ రెండు మూడేళ్ళలో నేను ఎదురుచూసి చదివిన సూపర్‌హీరో కామిక్సన్నీ ఇలాంటి పక్క లైన్లలోవే. మెయిన్ లైన్‌లో, అంటే మొదట్నుంచీ నడుస్తున్న అసలు కథల్లో, ఏ దెబ్బ తగిలినా అది ఉండదని తెలిసిపోయాక పేజీ తిప్పడానికి చెయ్యి రావట్లేదు.

వెబ్‌షూటర్_వరంగల్:
అన్నా నువ్వు బ్యాట్‌మ్యాన్ గురించి చెప్పినవ్ గానీ నేనైతే స్పైడర్‌మ్యాన్ తోనే ఒప్పుకుంటా. 2007ల మెఫిస్టో అనే దయ్యంతోని బేరం పెట్టిచ్చి పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు), వాని భార్య ఎంజే పెళ్ళిని లేకుండ చేసిన్రు. 1987ల అయిన పెళ్ళి అది. గప్పటిసంది ఇప్పటిదాక పీటర్‌ని అట్లనే ఉంచిన్రు, కిరాయి కట్టనీకి పైసల్లేవ్, జాబు నిలవది, ఎంజే దూరం. జెబ్ వెల్స్ రాసిన 60 ఇష్యూలల్ల (విడివిడిగ వచ్చే పల్చటి బుక్కులు) అయితే ఎంజేని వేరే డైమెన్షన్‌ల పాల్ అనేటోని పక్కకు తోలిన్రు, ఆ పాల్ పేరు వింటెనే నాకు బీపీ లేస్తది.

గదే 2024 జనవరిల హిక్‌మన్ రాసి, కెకెట్టో బొమ్మలేసి మార్వెల్ పక్క లైన్ అల్టిమేట్‌ల అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ తెచ్చిన్రు సూడు. పీటర్‌కు ముప్పై దాటినయ్, ఎంజేతోని పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, బెన్ బాబాయ్ బతికే ఉన్నడు, మే పిన్ని పోయింది. సాలీడు కుట్టుడు పిల్లగాడప్పుడు కాదు, ఇల్లు సంసారం అయినంక. అదీ తెలిసి, ఒప్పుకొని కుట్టిచ్చుకుంటడు. నాలుగో ఇష్యూ మొత్తం హోటల్‌ల కూసొని రెండు జంటలు అన్నం తినుకుంట మాట్లాడుకునుడే, ఒక్క ఫైట్ లేదు, అయినా నేను అన్నిట్లకంటే ఎక్కువసార్లు చదివింది అదే. పెళ్ళయితే స్పైడర్‌మ్యాన్ ముసలోడయితడు అని మార్వెలోల్లు ఇన్నేండ్లు చెప్పిన ముచ్చట ఉత్తదే అని వాళ్ళ బుక్కే రుజువు చేసింది.

పాత_కాపు:
గోతం గారూ, మీ ఉత్సాహం బాగుంది కానీ ఈ మాట నేను మూడోసారి వింటున్నాను. మార్వెల్ మొదటి అల్టిమేట్ లైన్ 2000లో పెట్టినప్పుడు కూడా ఇవే మాటలు, "పాత చరిత్ర బరువు లేదు, కొత్తవాళ్ళు హాయిగా చదవచ్చు, ఇక్కడ చచ్చినవాడు చచ్చినట్టే" అని. పదిహేనేళ్ళు తిరిగేసరికి దానికీ మోయలేనంత చరిత్ర తయారైంది, 2015లో సీక్రెట్ వార్స్ అనే కథలో ఆ ప్రపంచాన్ని ఎత్తేశారు. 2011లో డీసీ న్యూ 52 అంటూ ఒకేసారి 52 పుస్తకాలు ఒకటో నంబరు నుంచి మొదలెట్టింది, 2016కల్లా రీబర్త్ పేరుతో పాతవన్నీ వెనక్కి తెచ్చుకోవడం మొదలు. కొత్తదనానికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందండీ, దాన్నే మీరు గొప్పతనం అనుకుంటున్నారు.

ఇక డబ్బు సంగతి. రామాయణం ఎవరు ఎన్ని రకాలుగా చెప్పినా రాముడు అడవికి వెళ్ళాలి, వెళ్ళకపోతే అది ఇంకో కథ, మంచి కథే కావచ్చు. బ్రూస్ దగ్గర డబ్బు ఉండటం అనేది లోపం కాదు, అన్నీ ఉన్నవాడు అమ్మానాన్న పోయిన ఆ ఒక్క రాత్రిని మాత్రం కొనుక్కోలేకపోయాడు, అదీ ఆ పాత్ర. అది తీసేసి కండలూ గొడ్డలీ ఇస్తే నాకు బలమైన హీరో దొరికాడు, బ్యాట్‌మ్యాన్ దొరకలేదు. అసలు నాకు ఇబ్బంది ఏంటంటే ఆ పుస్తకంలో రక్తం. బేన్ అనే విలన్ కథలో బ్రూస్ చిన్ననాటి స్నేహితుల్ని ఏం చేశారో మీరు ఒక్క మాటైనా రాయలేదు. అది ధైర్యం కాదు, పాఠకుణ్ణి కుదిపి కూర్చోబెట్టే పద్ధతి.

మెయిన్ లైన్‌లో ఏమీ లేదనడం కూడా అన్యాయం. మార్క్ వెయిడ్ రాసి, డాన్ మోరా గీసి 2022 నుంచి చేసిన వరల్డ్స్ ఫైనెస్ట్ చూడండి, బ్యాట్‌మ్యాన్ సూపర్‌మ్యాన్ స్నేహం, బంగారం లాంటి బొమ్మలు, ఎవరి చరిత్రా చెరపలేదు. ఆల్ ఎవింగ్ 2018 నుంచి 2021 దాకా 50 ఇష్యూల్లో ఇమ్మోర్టల్ హల్క్ రాశాడు, అది మామూలు మార్వెల్ ప్రపంచంలోనే, హల్క్ పాత చరిత్రనే తవ్వి భయంకరమైన కథ తీశాడు. పాతదాంట్లో పని చేసే తెలివి ఉండాలి అంతే.

బొమ్మల_పిచ్చి:
వరల్డ్స్ ఫైనెస్ట్‌కి +1. డాన్ మోరా నెలకి ఎన్ని పుస్తకాలు గీస్తాడో ఆయనకి చేతులెన్నో నాకర్థం కాదు 😭

లాంగ్‌బాక్స్_డాలస్:
నేను ఇక్కడ కొత్త కామిక్స్ వచ్చే ప్రతి బుధవారం షాపుకెళ్ళే బ్యాచ్, కాబట్టి వేరే యాంగిల్. ఇష్యూకి ఐదు డాలర్లు పెట్టి కొంటే ఇరవై చిల్లర పేజీలు, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. ఈ రేటుకి మెయిన్ లైన్ వాళ్ళు ఏం చేస్తారంటే ఒక ఈవెంట్ (చాలామంది హీరోలు కలిసే పెద్ద కథ) పెట్టి, దాని ముక్కలు నాలుగైదు టైటిల్స్‌లో విసిరేసి, అన్నీ కొంటేనే కథ అర్థమయ్యేలా చేస్తారు. అబ్సల్యూట్‌లో నాకు నచ్చింది అదొక్కటే, వండర్ ఉమన్ కొంటే వండర్ ఉమన్ చదువుకోవచ్చు, పక్కవి కొనకపోయినా కథ ఎక్కడా తెగదు. ఇంకోటి, 2025 జనవరిలో షాపులకి కామిక్స్ సరఫరా చేసే డైమండ్ డిస్ట్రిబ్యూటర్ దివాలా పిటిషన్ వేశాక చిన్న షాపుల పరిస్థితి మామూలుగా లేదు, అలాంటి టైమ్‌లో కొత్త మొహాలు షాపులోకి వచ్చి "అబ్సల్యూట్ ఉందా" అని అడగడం నేను కళ్ళారా చూశా. కాపు గారు చెప్పిన ఎక్స్‌పైరీ నిజమే కావచ్చు సార్, కానీ పాలకి కూడా ఉంటుంది, తాగడం మానేస్తామా.

ఎక్స్‌జీన్_కాకినాడ:
అందరూ బ్యాట్‌మ్యాన్ స్పైడర్‌మ్యాన్ అంటున్నారు, మా ఎక్స్‌మెన్ అభిమానుల బాధ ఎవరికి చెప్పుకోవాలి? క్రకోవా గుర్తుందా? 2019లో హిక్‌మన్ హౌస్ ఆఫ్ ఎక్స్‌తో మొదలెట్టాడు, మ్యూటెంట్లకి (పుట్టుకతో శక్తులు ఉండే ఎక్స్‌మెన్ లాంటి వాళ్ళకి) క్రకోవా అని సొంత దేశం, సొంత భాష, చచ్చిపోతే తిరిగి పుట్టించే ఏర్పాటు, శత్రువులు కూడా ఒకే కౌన్సిల్‌లో కూర్చోవడం. అది పక్క లైన్ కాదండీ, అచ్చంగా మెయిన్ లైనే! ఐదేళ్ళు నడిచింది. 2024 జూన్‌లో ముగించి, వెంటనే జులై నుంచి కొత్త ఒకటో నంబర్లు, ఒక టీమ్ అలాస్కాలో, ఇంకోటి లూసియానాలో, మళ్ళీ పారిపోతూ దాక్కుంటూ ఉండే పాత ఎక్స్‌మెన్ లెక్క. గెయిల్ సిమోన్ రాసే అన్‌క్యానీ ఎక్స్‌మెన్ చదవడానికి బాగానే ఉంది, నేను తిట్టట్లేదు, కానీ ఒక దేశం కట్టి చూపించాక మళ్ళీ అద్దె ఇంటికి తీసుకొస్తే ఎలా ఉంటుంది. కాబట్టి గోతం బ్రో చెప్పేది సగం రైటు. మెయిన్ లైన్ మార్చడం చేతకాక కాదు, మార్చినదాన్ని ఉంచే ఓపిక కంపెనీకి లేదు.

గోతం_గుంటూరు:
@ఎక్స్‌జీన్ ఇదే, నేను చెప్పలేకపోయింది నువ్వు చెప్పావ్ బ్రో. దీనికి తోడు మార్వెల్ హీరోయిన్ కమలా ఖాన్ విషయం. 2023 మేలో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 26లో చంపేశారు, తన సొంత పుస్తకంలో కూడా కాదు, వేరేవాడి పుస్తకంలో, ఆ జులైకే మ్యూటెంట్‌గా లేపి కూర్చోబెట్టారు. నవంబర్‌లో తను ఉన్న సినిమా ఉంది మరి. రెండు నెలల చావుకి నేను ఎందుకు ఏడవాలి?

@పాత_కాపు గారూ, రక్తం ఎక్కువే, కాదనను, కొన్ని పేజీలు నేను కూడా గబగబా తిప్పేశా. కానీ ఆ స్నేహితుల సంగతి కుదుపు కోసమే అంటే ఒప్పుకోను. వేలన్, ఆజ్, ఎడ్డీ, హార్వీ, వీళ్ళు మామూలు కథలో క్రాక్, పెంగ్విన్, రిడ్లర్, టూ ఫేస్, అంటే బ్రూస్ శత్రువులు. ఇక్కడ ఒకే వీధిలో పెరిగి పేకాట ఆడుకునే జట్టు. ఆస్తి తీసేసిన చోట స్నైడర్ పెట్టింది కండలు కాదండీ, ఈ జట్టు. మిగతా బ్యాట్‌మ్యాన్‌కి పోగొట్టుకోవడానికి ఎప్పుడో పోయిన అమ్మానాన్న జ్ఞాపకం ఉంది, వీడికి బతికున్న మనుషులు ఉన్నారు, బేన్ వచ్చి కొట్టింది సరిగ్గా అక్కడే. ఇది ఒక బ్యాట్‌క్రెడిట్ కార్డు ఉన్నోడి మీద రాయలేరు.

మౌనిక_చదువరి:
మీ అబ్బాయిల గొడవలో అసలు మంచి పుస్తకాలు రెండూ ఎవరూ పట్టించుకోలేదు 🙄 కెల్లీ థాంప్సన్ రాసి హేడెన్ షెర్మన్ గీసే అబ్సల్యూట్ వండర్ ఉమన్‌లో డయానాని (వండర్ ఉమన్ అసలు పేరు) అమెజాన్లనే యోధురాళ్ళ ద్వీపం నుంచి తీసేసి నరకంలో సర్సీ అనే మంత్రగత్తె దగ్గర పెంచారు. పేపర్ మీద చూస్తే బ్యాట్‌మ్యాన్ కంటే పెద్ద మార్పు, అమ్మ లేదు, అక్కచెల్లెళ్ళు లేరు, స్వర్గం లాంటి ఊరు లేదు. అయినా చదివితే ఇంత పక్కా వండర్ ఉమన్ ఈ మధ్య ఎక్కడా రాలేదనిపిస్తుంది, ఎందుకంటే నరకంలో పెరిగినా ఆ పిల్ల దయ పోలేదు, ఎదుటివాణ్ణి కొట్టే ముందు మాట్లాడి చూస్తుంది, నరకంలో చిక్కుకున్న స్టీవ్ అనే అతన్ని బయటికి పంపడానికి తన చెయ్యే ఇచ్చేసింది. కాపు గారి రామాయణం లెక్కకి ఇదే నా జవాబు, అడవికి వెళ్ళడం ముఖ్యమా, వెళ్ళిన మనిషి ముఖ్యమా?

రెండోది అబ్సల్యూట్ మార్షియన్ మ్యాన్‌హంటర్. రాసేది డెనిజ్ క్యాంప్, బొమ్మలు హవియర్ రోడ్రిగెజ్. ఒక ఎఫ్‌బీఐ ఆయన బాంబు పేలుడు నుంచి బతికి బయటపడ్డాక జనాల ఆలోచనలు రంగు పొగల్లా కనిపిస్తుంటాయి. ఆరు ఇష్యూలు అని మొదలెట్టి పన్నెండుకి పెంచారు. ఇది మాటల్లో చెప్పలేను, సినిమాగా తీయలేరు, కామిక్‌గా మాత్రమే పనిచేసే కామిక్.

ఒక్క విషయంలో మాత్రం పేరూ డ్రెస్సూ మారిస్తే చాలనుకునే వాళ్ళతో నాకు పడదు. 2004లో మన దేశంలోనే స్పైడర్‌మ్యాన్ ఇండియా చేశారు, పీటర్ పార్కర్‌ని పవిత్ర్ ప్రభాకర్ చేసి, ముంబైలో పెట్టి, ధోవతి కట్టించి, సాలీడు బదులు ఒక యోగితో శక్తులు ఇప్పించారు. కథ మాత్రం అదే పాత వరుస. ఇప్పుడు గుర్తుండేది 2023 యానిమేషన్ సినిమాలో కనిపించిన పవిత్ర్, అది కూడా వాడి మాటల వల్ల. డ్రెస్సు మార్చడానికీ, కథ ఎముకలు మార్చడానికీ తేడా అదే, స్నైడర్, థాంప్సన్ చేసింది రెండోది.

పాత_కాపు:
మౌనిక గారూ, వండర్ ఉమన్ విషయంలో మీతో గొడవ లేదు. మీరు చెప్పినట్టు మనిషి ముఖ్యం, ఆ పుస్తకంలో మనిషి మిగిలింది. బ్యాట్‌మ్యాన్‌లో మిగల్లేదని నా వాదన, ఆ రెండూ ఒకే లైన్ అయినంత మాత్రాన ఒకే మార్కులు వెయ్యక్కర్లేదు కదా.

గోతం గారూ, ఒక్క ప్రశ్న. అల్టిమేట్ యూనివర్స్‌ని 2026 ఏప్రిల్‌తో ముగిస్తామని మార్వెలే చెప్పింది, అమ్ముడుపోకో కాదు, అనుకున్న కథ అయిపోయిందని. నాకు అది గౌరవంగా అనిపించింది. మరి అబ్సల్యూట్‌కి డీసీ అలా చేస్తుందా? ఇది ఇంతలా అమ్ముడవుతుంటే ఆపరు. ఆపకపోతే ఇంకో ఐదేళ్ళకి ఈ బ్యాట్‌మ్యాన్‌కీ రాబిన్‌లు (వెంట తిరిగే కుర్ర హీరోలు), ఈవెంట్లు, చచ్చి లేచినవాళ్ళు వస్తారు, అప్పుడు మీరు మెయిన్ లైన్ మీద పెట్టిన కంప్లైంట్లన్నీ దీని మీద పెడతారు.

వెబ్‌షూటర్_వరంగల్:
నేను ఒప్పుకోను, ఆ పీటర్ పిల్లలు పెద్దగయ్యేదాక నడిపియ్యాలె 😤 అల్టిమేట్‌ల నెలకు నెల గడుస్తది, వాళ్ళ ప్రపంచంల కూడా టైమ్ మనలెక్కనే నడుస్తది, గసొంటిది ఆపుడేంది.

గోతం_గుంటూరు:
@పాత_కాపు ఆపాలనే నా కోరిక కూడా, యాభై అరవై ఇష్యూల్లో ముగించి చివరి పేజీ వేసేస్తే ఇది అలమారాలో ఉంటుంది. ఆపరని మీరు అంటే నేను కాదనలేను, అంత అమాయకుణ్ణి కాదు. కానీ "ఐదేళ్ళ తర్వాత పాడైపోద్ది" అనేది ఇప్పుడున్న పుస్తకం మీద విమర్శ కాదు కదండీ. జోకర్ కథ పూర్తిగా చదివాక మళ్ళీ ఇక్కడే మాట్లాడుకుందాం, ఆ డబ్బు మార్పిడికి అసలు పరీక్ష అక్కడే. అప్పటికీ మీకు బ్యాట్‌మ్యాన్ కనిపించకపోతే థ్రెడ్ టైటిల్ మీరే మార్చండి.

బొమ్మల_పిచ్చి:
సరే గానీ మా తమ్ముడు టెన్త్ చదువుతున్నాడు, మొదటిసారి కొనిస్తున్నా, వీటిలో ఏది?

లాంగ్‌బాక్స్_డాలస్:
అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ వద్దు, ఆ వయసుకి రక్తం ఎక్కువ, ఇందులో కాపు గారే కరెక్టు. వరల్డ్స్ ఫైనెస్ట్ మొదటి కలెక్షన్ ఇవ్వు. బడ్జెట్ తక్కువైతే డీసీ 2024లో తెచ్చిన కాంపాక్ట్ సైజు పుస్తకాలు వెతుకు, ఇక్కడ పది డాలర్లకి ఒక కథ మొత్తం వస్తుంది, కోర్ట్ ఆఫ్ ఔల్స్ అనే బ్యాట్‌మ్యాన్ కథ ఉంది అందులో, అదీ స్నైడర్ రాసిందే, డబ్బున్న బ్రూస్‌తో.