‘కనెను’: మగవాళ్లు కనడమేమిటి?

ప్రశ్న: మత్తయి సువార్త మొదలే “అబ్రాహాము ఇస్సాకును కనెను, ఇస్సాకు యాకోబును కనెను” అని వరసగా సాగుతుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది అప్పజెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేక తిట్లు తినేవాళ్లం. కనేది తల్లి కదా! ఇది అనువాదంలో దొర్లిన తప్పా, పాత తెలుగులో అలాగే అనేవారా?

జవాబు: తప్పేమీ కాదండీ. ‘కన్నతండ్రి’ అని ఇప్పటికీ అంటున్నాం కదా. పురాణ వచనంలో రాజులు కొడుకులను కంటూనే ఉంటారు. అదే అధ్యాయంలో “యూదా తామారునందు పెరెసును, జెరహును కనెను” అని ఉంటుంది. ఆ ‘అందు’ కూడా ‘పాండురాజుకు కుంతియందు’ అన్న తీరే. వంశం చెప్పే నుడికారం తెలుగులో ముందే సిద్ధంగా ఉంది, అనువాదకులు దాన్నే అందుకున్నారని నా అభిప్రాయం.

మూలంలోనూ ఇంతే. పాత నిబంధన భాష అయిన హీబ్రూలో ‘యాలద్’ అనే ధాతువు తల్లి ప్రసవానికీ, తండ్రి సంతానం పొందడానికీ చెల్లుతుంది. ఆదికాండం 5లో తండ్రులకు దాని ప్రేరణార్థక రూపం ‘హోలీద్’ వాడారు, ‘పుట్టించాడు’ అన్నట్టు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. “యోరాము ఉజ్జియాను కనెను” అని మత్తయి రాశాడు. పాత నిబంధనలో 1 దినవృత్తాంతములు 3వ అధ్యాయం తీసి చూస్తే ఆ ఇద్దరి మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా ఉన్నారు (ఉజ్జియాకు అక్కడ అజర్యా అని పేరు). అంటే యోరాము కన్నది తన మునిమనవడి కొడుకుని! ఆదికాండం 10 ఇంకా విచిత్రం. మిస్రాయిము “లూదీయులను, అనామీయులను” కన్నాడట. మనుషులను కాదు, ఏకంగా జాతులనే. మిస్రాయిము అంటే హీబ్రూలో ఐగుప్తు (ఈజిప్టు) దేశం పేరే. కాబట్టి ఈ ‘కనెను’ను పురిటిగది మాటగా కాక, ‘ఇతని నుంచి వచ్చినవాళ్లు వీళ్లు’ అని చదువుకోవాలి. తరాలు వదిలేయడం వాళ్లకు అబద్ధం కాదు. మత్తయికి పద్నాలుగేసి తరాల వరసలు మూడు కావాలి, అందుకే కొందరిని దాటేశాడు. దావీదు పేరులోని హీబ్రూ అక్షరాల విలువ కూడితే 14 వస్తుంది, లెక్క అందుకే అని చాలామంది వివరిస్తారు.

ప్రశ్న అడిగినవారు: అయితే వాడుక భాషలో వచ్చిన అనువాదాలు కొన్ని ‘కనెను’ తీసేసి ‘కుమారుడు’ అని పెట్టడం మేలే కదండీ? పిల్లలు నవ్వరు.

జవాబు: నవ్వరు కానీ, ఒకటి పోతుంది. మత్తయి సువార్త గ్రీకు మూలంలో ‘ఎగెన్నేసెన్’ (కనెను) అని 39 సార్లు వస్తుంది. నలభయ్యోసారికి 16వ వచనంలో క్రియ తిరగబడుతుంది. యోసేపు యేసును కనెను అనడు. “యాకోబు మరియ భర్తయైన యోసేపును కనెను, ఆమెయందు క్రీస్తు అనబడిన యేసు పుట్టెను.” గ్రీకులో అది కర్మణి రూపం. అన్నిసార్లు ‘కనెను’ విన్న చెవికే ఆ ‘పుట్టెను’ తగులుతుంది. పైగా హీబ్రూ ‘బెన్’కి ఉన్న సాగుదల మన ‘కొడుకు’కి లేదు. యేసును ‘దావీదు కుమారుడు’ అంటే వాళ్లకు సహజం, మనకు ‘దావీదు కొడుకు’ అంటే ఒక్క తరమే.

మరొక సభ్యురాలు: ‘వంశావళి’ మాట సంగతి కూడా చూడండి. హీబ్రూలో అది ‘తోలెదోత్’, పైన చెప్పిన ‘యాలద్’ ధాతువు నుంచే వచ్చింది. ఆదికాండం 2:4లో అది భూమ్యాకాశాల గురించి వచ్చేసరికి మనవాళ్లు ‘ఉత్పత్తిక్రమము’ అన్నారు. ఆకాశానికి వంశావళి అంటే బాగోదని కాబోలు! 37:2లో మాత్రం “యాకోబు వంశావళి యిది” అనే ఉంచేశారు. తీరా చదివితే పేర్ల పట్టీ రాదు, పదిహేడేళ్ల యోసేపు అన్నలతో మంద మేపుతున్న కథ మొదలవుతుంది. నేనైతే అక్కడ ‘యాకోబు ఇంటి కథ’ అని రాసేదాన్ని.