ఆస్ట్రో ఫొటో ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్లు: దారి తెలియడం లేదు, మీ అనుభవాలు చెప్పండి

చుక్కలబాట:

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒకే ఫొటో దగ్గర ఆగిపోయాను. డీఎస్‌ఎల్‌ఆర్‌కి 200 ఎంఎం లెన్స్ పెట్టి, ఆకాశంతో పాటు కెమెరాని తిప్పే ట్రాకర్ మీద ఆండ్రోమెడా గెలాక్సీని తీశాను. 60 సెకన్ల ఫ్రేములు 120, అంటే మొత్తం రెండు గంటలు. చలిలో కూర్చుని తీసినందుకు బాధ లేదు కానీ, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పటి నుంచే టెన్షన్ మొదలైంది.

ముందు సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, ఫ్రేములన్నింటినీ ఒకే ఫొటోగా కలిపే (స్టాకింగ్) స్క్రిప్ట్ అందులో ఉంటే నడిపాను. తెర మీద గెలాక్సీ కనిపించింది, కాకపోతే అంతా ఆకుపచ్చగా ఉంది. జేపెగ్‌గా సేవ్ చేసి తెరిస్తే నల్లటి ఫొటో! ఏదో తప్పు చేశాననుకుని డీప్‌స్కైస్టాకర్‌లో ప్రయత్నించాను. అక్కడా దాదాపు అంతే. పిక్స్‌ఇన్‌సైట్ ట్రయల్ తీసుకుని తెరిచాను గానీ, ఎక్కడ నొక్కాలో కూడా అర్థం కాలేదు. ఒక్కో వీడియోలో ఒక్కో వరుస చెబుతున్నారు. వీటిలో ఏది నేర్చుకోవాలి? నా ఫొటో ఎందుకు నల్లగా వస్తోంది? మీరంతా ఎలా మొదలుపెట్టారో చెబితే ధైర్యంగా ఉంటుంది.

ఫ్లాట్‌ఫ్రేమ్:

చుక్కలబాట గారూ, మీ డేటాకి ఏమీ కాలేదు. ముందు ఆ బెంగ వదిలేయండి.

కెమెరా సెన్సర్ మీద ఎంత వెలుతురు పడితే ఫైల్లో అంత అంకె నమోదవుతుంది. రెట్టింపు వెలుతురు పడితే రెట్టింపు అంకె. దీన్నే లీనియర్ డేటా అంటాం. 16 బిట్ ఫైల్లో 0 నుంచి 65535 దాకా చోటుంటుంది. గెలాక్సీ చేతుల వెలుతురు మాత్రం ఆకాశపు నేపథ్యం కన్నా ఒక్క పిసరు ఎక్కువ, అంతే. హిస్టోగ్రామ్ (ఎంత వెలుతురున్న పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి, మొత్తం ఎడమ అంచున సన్నటి గీతలా నిలబడి ఉంటుంది. అందుకే మామూలుగా చూస్తే నలుపే కనిపిస్తుంది.

మరి సిరిల్ తెర మీద గెలాక్సీ ఎలా కనిపించింది? కింద డిస్‌ప్లే మోడ్ ఆటోస్ట్రెచ్‌లో (మసక వెలుగుని తానే సాగదీసి, అంటే స్ట్రెచ్ చేసి చూపించేది) ఉండుంటుంది. అది కళ్లద్దాల్లాంటిది. కళ్లద్దాలు పెట్టుకుంటే పుస్తకంలో అక్షరాలు పెద్దవైపోవు కదా, మనకి కనిపిస్తాయంతే. మీరు సేవ్ చేసింది కళ్లద్దాలు లేని పుస్తకాన్ని. పిక్స్‌ఇన్‌సైట్‌లో స్క్రీన్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ చేసేదీ ఇదే పని. ఈ ఒక్క తేడా మనసుకు పడితే ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా సగం భయం పోతుంది: తెర మీద చూపించే స్ట్రెచ్ వేరు, డేటాని నిజంగా మార్చే స్ట్రెచ్ వేరు.

ఆకుపచ్చ సంగతి కూడా చెబుతాను. సెన్సర్ మీది రంగు ఫిల్టర్ల వరుసని బేయర్ అమరిక అంటారు, అందులో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవే. దాని కోసం ఇంకా రంగుల సర్దుబాటు జరగలేదు. ఆటోస్ట్రెచ్ పక్కన గొలుసు బొమ్మ ఉంటుంది, దాన్ని విడదీస్తే మూడు రంగుల్నీ విడివిడిగా సాగదీసి చూపిస్తుంది, ఆకుపచ్చ పోతుంది. ఇదీ చూపించడం వరకే.

రెండోజాము:

ఏది నేర్చుకోవాలన్న ప్రశ్నకి నా అనుభవం. నేను ఏడాది పాటు మూడు సాఫ్ట్‌వేర్ల మధ్య తిరిగాను. డీప్‌స్కైస్టాకర్‌లో స్టాక్ చేయడం, ఇంకోదాంట్లో స్ట్రెచ్ చేయడం, బాగా రాకపోతే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించి మరోటి దింపుకోవడం. నిజానికి నా తప్పులన్నీ కెమెరా దగ్గర జరిగినవే. సిరిల్ ఒక్కదాంట్లోనే కూర్చున్నాక మూడు నెలల్లో పని తెలిసింది. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కాబట్టి నా ఓటు సిరిల్‌కే.

స్క్రిప్ట్ నడిపేవాళ్లకి ఒక మాట. లైట్స్ (అసలు ఫొటోలు), డార్క్స్ (లెన్స్ మూసి తీసినవి), ఫ్లాట్స్ (అంతటా ఒకేలా ఉన్న వెలుతురుని తీసినవి), బయాసెస్ (లెన్స్ మూసి అతి తక్కువ సమయంలో తీసినవి) అనే నాలుగు ఫోల్డర్ల పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, స్క్రిప్ట్ అడిగినట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపోతుంది. ఆగినప్పుడు కన్సోల్‌లో ఎర్ర అక్షరాల్లో కారణం రాస్తుంది, దాన్ని చదవండి. నేను చాలా కాలం చదవకుండానే మళ్లీ మళ్లీ నడిపేవాణ్ణి.

డీప్‌స్కైస్టాకర్ వాడేవాళ్లకి ఒకే ఫ్రేము స్టాక్ అవుతుందని హెచ్చరిక వస్తే కంగారు పడకండి. దానికి తగినన్ని నక్షత్రాలు దొరకలేదని అర్థం. నక్షత్రాల్ని గుర్తించే థ్రెషోల్డ్ తగ్గించి మళ్లీ రిజిస్టర్ చేయండి (నక్షత్రాల్ని బట్టి ఫ్రేముల్ని ఒకదానిపై ఒకటి సరిపెట్టడం). ఫోకస్ తప్పిన ఫ్రేములైతే మాత్రం ఎంత తగ్గించినా లాభం లేదు.

వెలుగుగీత:

నేను కాస్త విభేదిస్తాను. పిక్స్‌ఇన్‌సైట్ డబ్బు పెట్టి కొనాల్సిందే, మొదటి రెండు వారాలు నిజంగానే కష్టం. కానీ ఆ కష్టం ఎక్కువగా ఒక్క చిన్న విషయం దగ్గరే. ప్రతి ప్రాసెస్ కిటికీకి కింద ఎడమ మూలన ఒక త్రికోణం ఉంటుంది. దాన్ని పట్టుకుని ఫొటో మీద వదిలితే ఆ పని ఫొటోకి జరుగుతుంది. ఖాళీ చోట వదిలితే మీ సెట్టింగులన్నీ ఒక ఐకాన్‌గా మిగులుతాయి, రేపు మళ్లీ అవే వాడుకోవచ్చు. ఇది తెలిశాక మిగతావన్నీ ఒకే పద్ధతిలో నడుస్తాయి. క్యాలిబ్రేషన్ (డార్క్స్, ఫ్లాట్స్ లాంటివాటితో ఫ్రేముల్ని సవరించడం) నుంచి స్టాకింగ్ దాకా డబ్ల్యూబీపీపీ అనే స్క్రిప్ట్ చూసుకుంటుంది.

ఈ పనిలో చాలా ఏళ్లు ఉంటామని తెలిసినవాళ్లు నేరుగా ఇక్కడికే రావచ్చని నా అభిప్రాయం. ఒక్క ఫొటో కోసమైతే రెండోజాము గారు చెప్పిందే సరైనది.

చుక్కలబాట:

కళ్లద్దాల మాటతో ఒక్కసారిగా అర్థమైంది, ఫ్లాట్‌ఫ్రేమ్ గారికి చాలా థ్యాంక్స్. సిరిల్‌లోనే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాను. హిస్టోగ్రామ్ స్ట్రెచ్ చేసి సేవ్ చేస్తే ఈసారి ఫొటో వచ్చింది! గెలాక్సీ మధ్య భాగం బాగుంది.

కానీ ఇప్పుడు మూడు కొత్త సమస్యలు. ఆకాశం ఒక పక్క ఎర్రగా, ఇంకో పక్క నల్లగా ఉంది. రంగుల క్యాలిబ్రేషన్ నొక్కితే ప్లేట్ సాల్వింగ్ (ఫొటో ఆకాశంలో ఏ చోటుదో నక్షత్రాల్ని బట్టి గుర్తించడం) విఫలమైందంటోంది. నాలుగు మూలలూ చీకటిగా ఉన్నాయి, అక్కడక్కడా గుండ్రటి మచ్చలు, ఒక్కో మచ్చ మధ్యలో చిన్న తెల్ల చుక్క. ఫ్లాట్స్ తీశాను, స్క్రిప్ట్ వాటిని వాడింది కూడా. అయినా ఇలా ఎందుకు?

ఫ్లాట్‌ఫ్రేమ్:

వరుస తప్పింది. స్ట్రెచ్ ముందు చేసేశారు. మళ్లీ స్టాక్ ఫైల్ దగ్గరికి వెళ్లండి. ముందు స్టాకింగ్ అంచుల్ని కత్తిరించండి. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ (ఆకాశపు నేపథ్యంలోని హెచ్చుతగ్గుల వెలుగుని తీసేయడం), ఆ తర్వాత రంగుల క్యాలిబ్రేషన్. ఇవన్నీ అయ్యాకే స్ట్రెచ్. రంగుల క్యాలిబ్రేషన్ మీ ఫొటోలోని నక్షత్రాల కొలతల్ని కేటలాగ్‌లోని కొలతలతో పోల్చి చూస్తుంది. స్ట్రెచ్ చేసిన ఫొటోలో ఆ నిష్పత్తులు చెదిరిపోతాయి, పోలికకి అర్థం ఉండదు.

ప్లేట్ సాల్వింగ్‌కి రెండు అంకెలు సరిగ్గా కావాలి: ఫోకల్ లెంగ్త్, పిక్సెల్ సైజు. పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206.265తో గుణించి, ఎంఎంలలో ఉన్న ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక పిక్సెల్ ఎన్ని ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు) ఆకాశాన్ని చూస్తోందో వస్తుంది. మీ పిక్సెల్ 3.72 మైక్రాన్లు అనుకుంటే, 200 ఎంఎంకి సుమారు 3.84 ఆర్క్‌సెకన్లు. అక్కడ పాత టెలిస్కోప్ అంకె ఏదైనా మిగిలిపోయిందేమో చూడండి. నాకు రెండుసార్లు అదే జరిగింది.

బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్లండి, ఆండ్రోమెడాతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ ఆకాశమంతా చిన్న చతురస్రాలు పెట్టి, అక్కడున్నది ఖాళీ ఆకాశమే అనుకుంటుంది. ఈ గెలాక్సీ వెలుగు మనం అనుకున్నదానికన్నా చాలా దూరం పరుచుకుని ఉంటుంది. ఆ మసక వెలుగు మీద చతురస్రం పడితే దాన్నీ కాలుష్యంగా లెక్కేసి తీసేస్తుంది. గెలాక్సీ చుట్టూ నల్లటి గాడి పడిందంటే కారణం ఇదే. కళ్లద్దాలు పెట్టుకుని (ఆటోస్ట్రెచ్‌లో చూస్తూ), గెలాక్సీ మీదా దాని పొరుగున ఉన్న చిన్న గెలాక్సీలు ఎం32, ఎం110 మీదా, చుట్టుపక్కలా ఉన్న చతురస్రాల్ని ఒక్కొక్కటీ తీసేయండి. పది నిమిషాలు పడుతుంది. ఫొటో మొత్తంలో ఇంతకన్నా విలువైన పది నిమిషాలు లేవు.

రెండోజాము:

మచ్చల గురించి అడుగుతాను. లైట్స్ ఏ ఎపర్చర్‌లో (లెన్స్ తెరుచుకునే వెడల్పు) తీశారు, ఫ్లాట్స్ ఏ ఎపర్చర్‌లో తీశారు?

చుక్కలబాట:

లైట్స్ ఎఫ్/4. ఫ్లాట్స్ మర్నాడు పగలు తీశాను, కెమెరా ఆటోలో ఉంది... ఇప్పుడు ఫైల్ వివరాలు చూస్తే ఎఫ్/8 అని ఉంది.

రెండోజాము:

అదే కారణం. ఎఫ్/8లోలా ఎపర్చర్ చిన్నదైతే సెన్సర్ మీది దుమ్ము నీడ చిన్నగా, గాఢంగా పడుతుంది. ఎఫ్/4లో అదే నీడ వెడల్పుగా, పలచగా ఉంటుంది. వెడల్పాటి నీడని చిన్న గాఢమైన నీడతో భాగిస్తే మధ్యలో తెల్ల చుక్క, చుట్టూ నల్ల వలయం మిగులుతాయి. మూలల చీకటీ అంతే, ఎఫ్/8లో లెన్స్ మూలలు అంతగా చీకటి పడవు కాబట్టి సవరణ సరిపోలేదు.

అదే లెన్స్, అదే ఫోకస్, ఎఫ్/4లో మళ్లీ ఫ్లాట్స్ తీయండి. మూలలు తప్పకుండా బాగుపడతాయి. మచ్చలు ఎంతవరకు పోతాయో చూడాలి, ఎందుకంటే చాలా కెమెరాలు ఆన్ ఆఫ్ చేసినప్పుడు సెన్సర్‌ని దులుపుకుంటాయి, దుమ్ము జరిగిపోతుంది. ఇకమీదట ఆ ఆటో క్లీనింగ్ ఆపేసి, లైట్స్ అవగానే కెమెరా కదపకుండా ఫ్లాట్స్ తీసుకోండి.

కొలతలమనిషి:

నేను అందమైన ఫొటోల కోసం కాదు, నక్షత్రాల వెలుగుని కొలవడానికి ఈ పనిలోకి వచ్చాను. నాకు ఆస్ట్రోఇమేజ్‌జే సరిపోయింది. గ్రహం అడ్డు వచ్చినప్పుడు నక్షత్రం ఎంత మసకబారిందో, పక్క నక్షత్రాలతో పోల్చి గ్రాఫ్ గీసి ఇస్తుంది. ఫిట్స్ (ఖగోళ ఫొటోలు దాచే ఫైల్ రకం) ఫైల్ లోపల ఏముందో చూడడానికి డీఎస్9 వాడతాను. అందులో స్కేల్ మెనూలో లీనియర్, లాగ్, జీస్కేల్ మార్చి చూస్తే ఫ్లాట్‌ఫ్రేమ్ గారి కళ్లద్దాల పోలిక కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

ఫిట్స్‌తో నాకు ఎదురైన చిక్కు ఒకటి చెప్పాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మొదటి వరుసని కింద పెడతాయి, కొన్ని పైన పెడతాయి. కలర్ కెమెరా ఫైల్ ఇలా తలకిందులుగా చదివితే ఆర్‌జీజీబీ (ఎరుపు, ఆకుపచ్చ, ఆకుపచ్చ, నీలం) బేయర్ వరుస కాస్తా జీబీఆర్‌జీ అయిపోయి రంగులన్నీ తారుమారవుతాయి. ఒకదాంట్లో సరిగ్గా వచ్చిన రంగు ఇంకోదాంట్లో రాకపోతే ముందు దీన్నే అనుమానించండి.

ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. కొలతలు తీసే ఫైల్ మీద ఏఐతో పదును పెట్టే పనిముట్లు వాడకండి. అవి నక్షత్రం ఆకారాన్నే మార్చేస్తాయి.

వెలుగుగీత:

కొలతల విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను. చూసే ఫొటోలకి మాత్రం నేను వాడతాను. స్టార్‌నెట్‌తో నక్షత్రాల్ని విడదీస్తే, అవి ఉబ్బిపోకుండా గెలాక్సీని ఒక్కదాన్నే సాగదీయవచ్చు. తర్వాత మళ్లీ కలుపుతాను. గ్రాఎక్స్‌పర్ట్ ఉచితం, గ్రేడియెంట్లు (ఆకాశంలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారే వెలుగు) తీయడానికీ నాయిస్ (ఫొటోలోని గరుకుదనం) తగ్గించడానికీ బాగుంటుంది. అయితే డీనాయిస్ పూర్తి మోతాదులో ఎప్పుడూ వాడను. ప్లాస్టిక్‌లా నున్నగా అయిన గెలాక్సీని చూస్తే మనసు ఒప్పదు. నాయిస్ నిజంగా తగ్గాలంటే ఎక్కువ ఫ్రేములే దారి. 100 ఫ్రేములకి నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ 10 రెట్లు మెరుగవుతుంది, దాన్ని 20 రెట్లు చేయాలంటే 400 ఫ్రేములు కావాలి.

గురువలయం:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను గురుగ్రహం వీడియోలు తీస్తున్నాను. సిరిల్‌లో స్టాక్ చేస్తే మసకగా వస్తోంది. ఇదే దారి నాకూ వర్తిస్తుందా?

ఫ్లాట్‌ఫ్రేమ్:

గ్రహాలకి దారి వేరండి. ఆటోస్టాకర్ట్ వాడండి. వేల ఫ్రేముల్లో గాలి నిమ్మళించిన క్షణాల్లో పడ్డవాటిని ఏరి, అలైన్‌మెంట్ పాయింట్ల ప్రకారం ముక్కముక్కగా కలుపుతుంది. నాణ్యత గ్రాఫ్ చూసి ఎంత శాతం తీసుకోవాలో మీరే నిర్ణయించాలి. ఆ తర్వాత రెజిస్టాక్స్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్‌లెట్స్ అనే పద్ధతితో పదును పెట్టండి. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు, అంటే 100 సెకన్లకి ఒక డిగ్రీ. వీడియో రెండు మూడు నిమిషాలు దాటితే వివరాలు అలుక్కుపోతాయి. అంతకన్నా ఎక్కువసేపు తీయాలంటే విన్‌జూపోస్‌లో ఆ భ్రమణాన్ని సరిచేసుకోవాలి.

రెండోజాము:

ఎవరూ చెప్పలేదు కాబట్టి డిస్క్ సంగతి కూడా చెబుతాను. 24 మెగాపిక్సెళ్ల ఫ్రేము మూడు రంగులతో 32 బిట్‌లో 288 ఎంబీ అవుతుంది. 120 ఫ్రేములకి దాదాపు 35 జీబీ. క్యాలిబ్రేట్ చేసినవీ రిజిస్టర్ చేసినవీ రెండూ మిగిలితే 70 జీబీ. నాకు ఒకసారి సగంలో డిస్క్ నిండి ఆగిపోయింది. స్టాక్ ఫైల్ భద్రంగా దాచుకున్నాక ప్రాసెస్ ఫోల్డర్ తీసేయండి. అసలు రా ఫైళ్లని మాత్రం ఎప్పుడూ తీయకండి.

చుక్కలబాట:

ఫ్లాట్స్ ఎఫ్/4లో మళ్లీ తీశాను. మూలలు సరిగ్గా వచ్చాయి. మచ్చల్లో ఒక్కటే మిగిలింది, అది జరిగిపోయిన దుమ్మే అయ్యుంటుంది. ఫోకల్ లెంగ్త్ గడిలో 50 అని ఉంది, 200 చేయగానే ప్లేట్ సాల్వ్ అయింది. చతురస్రాలు తీయడానికి నాకు పది కాదు, ఇరవై అయిదు నిమిషాలు పట్టింది.

స్ట్రెచ్ ఒకేసారి చేయకుండా నాలుగుసార్లు కొంచెం కొంచెంగా చేశాను. గెలాక్సీలోని దుమ్ము పట్టీలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎం110 చుట్టూ ఉన్న మసక వెలుగు కూడా ఉంది. 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుతురు నా కెమెరాలో పడిందని లెక్కగా తెలుసు గానీ, నిన్న రాత్రి తెర ముందు చాలాసేపు లేవలేకపోయాను. స్ట్రెచ్‌కి ముందున్న ఫైల్ విడిగా దాచాను, దాని లింకు ఇక్కడే పెడుతున్నాను. వెలుగుగీత గారూ, వీలైతే అదే ఫైల్‌ని పిక్స్‌ఇన్‌సైట్‌లో చేసి చూపిస్తారా? గెలాక్సీ మధ్య భాగం నాకు ఇంకా తెల్లగా మాడిపోతోంది.

వెలుగుగీత:

ఫైల్ తీసుకున్నాను. మధ్య భాగం మాడలేదు, లీనియర్‌లో వివరాలన్నీ ఉన్నాయి. మీ మూడో స్ట్రెచ్ దగ్గర పోయినట్టుంది. రెండో స్ట్రెచ్ దగ్గర ఆపి, అక్కడి నుంచి సిరిల్‌లోనే జనరలైజ్డ్ హైపర్బాలిక్ స్ట్రెచ్ వాడి, వెలుగు ఎక్కువున్న చోట్లని కాపాడే స్లైడర్‌ని కిందికి దింపి చూడండి. నేను చేసింది రేపు సాయంత్రానికి పెడతాను, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.