కొండ మీద పదిమంది పిల్లలున్న బడి ఉంచాలా, ఆశ్రమ పాఠశాలలో కలిపేయాలా?

గెడ్డఒడ్డు:
మాది పాడేరు ఏజెన్సీ. పక్క ఊరి ప్రభుత్వ ప్రాథమిక బడిలో పిల్లలు పదిమందే మిగిలారు, బడి ఎత్తేసి వాళ్లని కింద ఆశ్రమ పాఠశాలలో వేస్తారని మాట నడుస్తోంది. ఆరేళ్ల పిల్లని తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్లి హాస్టల్లో పడుకోబెట్టడం తప్పు. అయిదో తరగతి దాకా బడి 1 కిలోమీటరు లోపే ఉండాలని విద్యాహక్కు నియమాల్లో ఉంది కదా. మీరేమంటారు?

రిటైర్డ్ మేష్టారు:
బాబూ, ఆ కొండల్లో పనిచేసినవాణ్ణి గనక చెప్తున్నా. ఒక్క మేష్టారు, అయిదు తరగతులు, ఒకటే రేకుల షెడ్డు. వానొస్తే ఆ చప్పుడుకి పాఠం వినపడదు, పిల్లల్ని కారని మూలకి జరిపి పలకల మీద రాయించుకుంటూ కూర్చోవడమే. మేష్టారు మీటింగుకి దిగితే ఆ రోజు బడి లేనట్టే. ఆశ్రమంలో మూడు పూటలా తిండి ఉంటుంది, తరగతికో టీచరు ఉంటారు. బడి ఉందన్న పేరు కోసం పిల్లల చదువు పాడుచేయొద్దు.

సీలేరు:
1 కిమీ మ్యాప్‌లోనా కాలిదారిలోనా? మాకు ఎదురుగా కనపడే ఊరికే గెడ్డ దాటాలి, ఆగస్టులో దాటలేం

రిటైర్డ్ మేష్టారు:
నడక దూరమే లెక్క. అయినా హాస్టల్లో ఉండే పిల్లకి దూరంతో పనేముంది?

గెడ్డఒడ్డు:
ఉంది మేష్టారూ. కొండలు, వరదలు ఉన్నచోట ఆ దూరం ఇంకా తగ్గించమని కేంద్రం నియమాల్లో రాశారు. హాస్టల్ ఉంది కదా అని దాన్ని పక్కన పెట్టేస్తే ఎలా? మా తమ్ముడు హాస్టల్లో చదివాడు, జ్వరమొస్తే మూడోరోజుకి గానీ కబురు రాలేదు, అమ్మ సంత నుంచి అటే నడిచి వెళ్లి తెచ్చుకుంది. వాడు కోలుకున్నాడు గానీ మళ్లీ బడి గడప తొక్కలేదు.

కాఫీతోట:
మా చెల్లి ఆశ్రమంలో చదివే నర్సు అయింది, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి

చోడి అంబలి:
హాస్టల్ సంగతి సరే, మా ఊరి మేష్టారు మైదానం నుంచి వస్తాడు, నెలకి పదిరోజులు కనపడితే గొప్ప. జీతం మాత్రం నిండా తీసుకుంటాడు

రిటైర్డ్ మేష్టారు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మైదానం వాళ్లంతా దొంగలా? మలేరియా తెచ్చుకుని మరీ పనిచేశాను. నా బడి పిల్లాణ్ణి డోలీలో దించితే ఒక కొస నా భుజం మీదే ఉంది.

గెడ్డఒడ్డు:
మీరు మంచి మేష్టారే అయుంటారు. మీకు మా కువి భాష వచ్చా?

రిటైర్డ్ మేష్టారు:
అర్థమవుతుంది. పాఠం చెప్పేంత రాదు.

గెడ్డఒడ్డు:
మరి ఒకటో తరగతి పిల్లకి ఇంట్లో వినేది కువి ఒక్కటే, మీరు తెలుగులో చెప్తుంటే అది నోరు తెరవదు, మొద్దు అని రాసేస్తారు. 2004లో మొదలుపెట్టి కువి, సవర, కోయ, కొండ, ఆదివాసీ ఒరియా భాషల్లో వాచకాలు తెచ్చారు, అవి చెప్పగలిగేది మా మనుషులే. అందుకే 2000లో వచ్చిన జీవో 3 కావాలంటున్నాం, ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఉండాలి.

రిటైర్డ్ మేష్టారు:
ఇప్పుడు బయటపడింది. నా మేనకోడలు ఏజెన్సీలోనే పుట్టింది, డీఎడ్ చేసింది, గిరిజన కాదని సొంత మండలంలో అప్లికేషన్ కూడా పెట్టుకోలేకపోయింది. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసింది ఊరికే కాదు, నూటికి నూరు శాతం ఒక్కరికే ఇవ్వడం కుదరదంది. రాష్ట్రమంతా మీకు ఎస్టీ కోటా ఉంది కదా!

గెడ్డఒడ్డు:
కోటాలో ఉద్యోగమొచ్చినవాడు భీమిలిలో పాఠం చెప్తాడు, మా ఊళ్లో చెప్పడు. ఆవిడకి అన్యాయం జరగలేదని నేను అనను, కానీ మా పిల్లకి అర్థమయ్యేలా చెప్పే మనిషి లేకుండా ఆశ్రమమైనా ఒకటే, రేకుల షెడ్డైనా ఒకటే.

సీలేరు:
కనీసం 1, 2 తరగతులు ఊళ్లో ఉంచితే?

రిటైర్డ్ మేష్టారు:
నలుగురు పిల్లలకి రెగ్యులర్ పోస్టు ఎవరిస్తారు? విద్యావలంటీరుని పెడతారు, నెలల తరబడి జీతం రాదు, మానేస్తాడు. చాలా చూశాను.

గెడ్డఒడ్డు:
అయితే పోస్టే అడుగుతాం. గ్రామసభ తీర్మానం రాసి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో ఇస్తాం, కువి వచ్చిన మనిషినే వేయమని అందులోనే రాస్తాం.

రిటైర్డ్ మేష్టారు:
కువి వచ్చిన మనిషి అని రాయండి, ఒప్పుకుంటాను. గిరిజనుడే అని రాస్తే మాత్రం ఒప్పుకోను.