పాత డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ మంచిదా, హార్డ్‌డిస్కా?

మల్కాజిగిరి నుంచి:
మా పాత డెస్క్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ కుదురుకోవడానికే చాలాసేపు పడుతోంది. చెల్లెలు దానిమీదే చదువుకుంటుంది. పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే ఒకరు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచే డ్రైవ్) తీసుకోమన్నారు. ఇంకాస్త డబ్బు వేసుకుంటే 1 టీబీ హార్డ్‌డిస్క్ వస్తుందని పక్క దుకాణంవారు అన్నారు. ఏది కొనమంటారు?

దిల్‌సుఖ్‌నగర్ ఫొటో స్టూడియో:
హార్డ్‌డిస్కే తీసుకో తమ్ముడూ. 500 జీబీ అంటే మాకు రెండు మూడు పెళ్లిళ్ల వీడియోలకే నిండిపోతుంది. హార్డ్‌డిస్క్ పాడయ్యే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేస్తుంది, ఫైళ్లు తెరుచుకోవడానికి మొరాయిస్తాయి. ఆ వ్యవధిలో డేటా బయటికి తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీలో దాన్ని నడిపే చిప్, అంటే కంట్రోలర్ పోతే కంప్యూటర్ దాన్ని గుర్తించనే గుర్తించదు. చెరిపిన ఫైళ్ల చోటును ఖాళీ చేయించే ట్రిమ్ అనే ఏర్పాటు పనిచేస్తుంటే పొరపాటున చెరిపిన ఫైలు కూడా మళ్లీ దొరకదు.

అమీర్‌పేట, కంప్యూటర్ మరమ్మతులు:
అన్నగారూ, మీ పనికి మీరు చెప్పింది సరే. తమ్ముడి బాధ చోటు చాలక కాదు, నెమ్మది వల్ల. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు డేటా చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ కదలడానికి ఇంకాస్త. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేవి వేలాది చిన్న ముక్కలు, ప్రతి ముక్కకూ ఈ నిరీక్షణే. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, మిల్లీసెకనులో పదో వంతు లోపే జవాబిస్తుంది. సెకనుకు 550 ఎంబీ అని డబ్బా మీద వేసే అంకె కన్నా మీ ఇంట్లో తేడా తెలిసేది ఇక్కడే.

రాసేకొద్దీ అరిగిపోతుందన్న భయమూ వద్దు. 500 జీబీ సామ్‌సంగ్ 870 ఈవోకు కంపెనీ చెప్పిన రాత పరిమితి 300 టీబీ. రోజూ 50 జీబీ రాసినా 16 ఏళ్లు పడుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ ఫొటో స్టూడియో:
అయితే పాత పెళ్లిళ్లన్నీ ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టమంటారా?

అమీర్‌పేట, కంప్యూటర్ మరమ్మతులు:
వద్దండీ, అక్కడ హార్డ్‌డిస్కే మేలు. ఎస్‌ఎస్‌డీలో డేటా విద్యుదావేశంగా ఉంటుంది, కరెంటు అందకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అది మెల్లగా జారిపోతుంది. రాత పరిమితి అయిపోయిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలుపుకోవాలన్నది చిప్‌లకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ నియమం. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువ కాలం ఆగుతుంది. కానీ వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది, మన మే నెల ఎండలు మీకు తెలియనివి కావు.

మీతో నేను ఒప్పుకోలేనిది ఒక్కటే. పాడయ్యాక డేటా తీయించుకోవచ్చన్న ధీమాతో డిస్క్ ఎంచుకోకూడదు. డిస్క్ చేజారి కింద పడిందా, హెడ్ లోపల తిరిగే పళ్లేన్ని గీకేయొచ్చు, చప్పుడుతో హెచ్చరించే వ్యవధి ఉండదు. ఒకరి తలంబ్రాలు మళ్లీ తీయలేం కదా! ఒక ప్రతి స్టూడియోలో, ఇంకొకటి ఇంట్లో పెట్టండి. అప్పుడు ఏ డిస్క్ పోయినా పెళ్లి పోదు.

తమ్ముడూ, కొనేముందు మదర్‌బోర్డు చూసుకో. చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డులో గుచ్చే ఎం.2 స్లాట్ పాతవాటిలో తరచుగా ఉండదు, హార్డ్‌డిస్క్‌లాగే వైరుతో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అయితే ఇబ్బంది ఉండదు. విండోస్ దాంట్లో వేయించి, ఇప్పుడున్న హార్డ్‌డిస్క్‌ను సినిమాలకు, ఫొటోలకు అలాగే ఉంచుకో. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి ఇంకో సాటా పవర్ వైరు ఖాళీగా ఉందో లేదో కూడా చూడు.